అర్జెంటీనాలో ఈ ఐరిష్ పేర్లు ఎక్కడివి? ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి?

పదో_నంబరు (ప్రశ్న):

నమస్కారం. నాకు ఫుట్‌బాల్ పిచ్చి. 2022 ప్రపంచకప్ ఫైనల్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. డి మరియా గోలు వచ్చినప్పుడల్లా నా చూపు ఆ బంతిని అందించిన కుర్రవాడి మీద ఆగిపోతుంది. అలెక్సిస్ మాక్ అలిస్టర్. చుట్టూ అంతా మార్టినెస్‌లు, ఫెర్నాండెస్‌లు, రొమేరోలు. మధ్యలో ఈ పేరు ఎక్కడి నుంచి ఊడిపడిందని వెతికితే, పూర్వీకులు ఐర్లండ్ నుంచి వచ్చారని తెలిసింది. అక్కడితో ఊరుకోక, ఐరిష్ మూలాలున్న అర్జెంటీనా ప్రముఖులు ఇంకెవరున్నారా అని చూశాను. చే గువేరా నుంచి నౌకాదళాధిపతి దాకా, దేశాధ్యక్షుడి నుంచి పిల్లల పాటలు రాసినావిడ దాకా అందరూ ఒకే జాబితాలో ఉన్నారు.

నా ప్రశ్నలు రెండు. ఐర్లండ్ వాళ్లు అమెరికాకు వలస పోయారని చదువుకున్నాం. అంత దూరాన, భాష కూడా తెలియని అర్జెంటీనాకు ఎందుకు పోయినట్టు? రెండోది, ఆ జాబితాలో నిజంగా ఐరిష్ అనదగినవారు ఎవరు, ఊరికే పేరు కలిసినవారు ఎవరు?

జాబితాల_రాజు:

చే గువేరా ఒక్కడు చాలడా? ఆయన తండ్రి పూర్తి పేరు ఎర్నెస్టో గువేరా లించ్. లించ్‌లంటే గాల్వే పట్టణంలో పేరుమోసిన వంశం. తన కొడుకు నరాల్లో ఐరిష్ తిరుగుబాటుదారుల రక్తం ఉందని ఆ తండ్రే 1969లో చెప్పాడు. చే చనిపోయి 50 ఏళ్లయిన సందర్భంగా 2017లో ఐర్లండ్ తపాలా సంస్థ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఆ ఎరుపు, నలుపు బొమ్మ గీసిన జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ కూడా ఐరిష్ చిత్రకారుడే. ఇంకేం రుజువు కావాలి?

పాత_ఇంజన్_రూమ్:

రాజు గారూ, స్టాంపు వేసినంత మాత్రాన మనిషి ఆ ఊరివాడు అయిపోడు. కాస్త తీరిగ్గా చెబుతాను, విసుక్కోకండి. ముప్పై ఏళ్లకు పైగా సరకు నౌకల్లో ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి. కబుర్లు మొదలుపెడితే ఆపడం చేతకాదు.

పదిహేనేళ్ల క్రితం మా నౌకలో ఒక జనరేటరు మొరాయించింది. విడిభాగం వచ్చేదాకా బ్యూనస్ ఎయిర్స్ రేవులో మూడు వారాలకు పైగా పడి ఉన్నాం. పొద్దున వాచ్ దిగి స్నానం చేసి ఊరి మీద పడేవాణ్ణి. లా బోకా పేటలో ఒక పొడవాటి వీధి పేరు ఆల్మిరాంతె బ్రౌన్. ఆల్మిరాంతె అంటే అడ్మిరల్. ఆ వీధిలోనే పసుపు రంగు వేసిన ఇల్లొకటి ఉంది. బ్రౌన్ కాపురమున్న ఇంటికి నమూనాగా తర్వాత కట్టింది. రేవు కాపలాదారును ఎవరీ బ్రౌన్ అని అడిగితే గుండె మీద చెయ్యి పెట్టుకుని ‘గిషెర్మో బ్రౌన్’ అన్నాడు. స్పానిష్‌లో గిజెర్మో అని రాసినట్టుండే పేరును ఆ ఊళ్లో ‘ష’ పెట్టి పలుకుతారు. ఆ గిషెర్మో మన విలియమే అని వెలగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

విలియం బ్రౌన్ 1777లో మేయో కౌంటీలోని ఫాక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రితో అమెరికా వెళ్లాడు. అక్కడ తండ్రి పోవడంతో నౌకల్లో కుర్రపని చేసి బతికాడు. సముద్రం అలా మొదలైనవాళ్లంటే నాకు పక్షపాతం, ముందే ఒప్పుకుంటున్నాను. వ్యాపారం కోసం లా ప్లాటా నదీముఖానికి చేరేసరికి అక్కడ స్పెయిన్ మీద తిరుగుబాటు నడుస్తోంది. 1814లో కొత్త ప్రభుత్వం ఆయన చేతికి కొన్ని నౌకలు ఇచ్చింది. అవి యుద్ధనౌకలు అనుకోకండి, ఎక్కువ భాగం సరకు ఓడలకు ఫిరంగులు బిగించినవి. నావికులు సగం మంది పరదేశీలు. అలాంటి గుంపుతో ఆ మే నెలలో మాంటెవిడియో ఎదుట స్పెయిన్ దళాన్ని ఓడించాడు. మే 17 ఈనాటికీ అర్జెంటీనా నౌకాదళ దినం. 1842లో పరానా నది మీద ఆయన చేతిలో ఓడినవాడు ఎవరో తెలుసా? గారిబాల్డి. ఇటలీకి వెళ్లి వీరుడు కావడానికి ముందు సంగతి. ఓడలు తగలబెట్టుకుని ఒడ్డెక్కి పారిపోతుంటే బ్రౌన్ వెంటపడలేదట.

రికొలెటా శ్మశానంలో ఆయన సమాధి ఉంది. చుట్టూ తెల్లని, నల్లని పాలరాతి మేడలు. మధ్యలో ఆకుపచ్చ స్తంభం, దాని మీద ఒక చిన్న నౌక. దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. నేను వెళ్లిన రోజు వాన. ఒక పెద్దాయన గొడుగు కింద నిలబడి మనవడికి ఆ నౌకను చూపిస్తున్నాడు. పిల్లవాడు నౌకను వదిలేసి స్తంభం మొదట్లో పడుకున్న పిల్లిని చూస్తున్నాడు. ఆ శ్మశానంలో పిల్లులకు కొదవలేదు.

ఇప్పుడు పదో నంబరు బాబూ, నీ రెండో ప్రశ్నకు వస్తాను. ఆ జాబితాలో ఉన్నవాళ్లు అర్జెంటీనాకు మూడు గుమ్మాల్లోంచి వచ్చారు. అందరినీ ఒకే గాట కట్టడం వల్లే తికమక.

మొదటి గుమ్మం స్పెయిన్. పద్దెనిమిదో శతాబ్దంలో కాథలిక్కులైన ఐరిష్ కుటుంబాలు కొన్ని స్పెయిన్‌కు పోయి, అక్కడి నుంచి వలసరాజ్యాలకు చేరాయి. గాల్వేలో పుట్టిన పాట్రిక్ లించ్ అలా వచ్చినవాడే, చే గువేరాకు పూర్వీకుడు. చే పుట్టేనాటికి ఆ వంశం అక్కడ రెండు శతాబ్దాలకు దగ్గరగా వేళ్లూనుకుని, స్పానిష్ మాట్లాడుతూ, భూస్వాములతో వియ్యమందుతూ ఉంది. అందులో ఐర్లండ్ వాసన ఎంత మిగిలి ఉంటుంది? బ్యూనస్ ఎయిర్స్‌లో 1801లో వైద్య విద్యాలయం మొదలుపెట్టిన మిగెల్ ఓ'గోర్మన్ కూడా ఈ దారినే వచ్చినవాడు, క్లేర్ కౌంటీ మనిషి. నీ ఫుట్‌బాల్‌కు పనికొచ్చే ముక్క ఒకటి: వేలెస్ సార్స్‌ఫీల్డ్ జట్టు నీకు తెలిసే ఉంటుంది. దాల్మాసియో వేలెస్ సార్స్‌ఫీల్డ్ అనే న్యాయవాది అర్జెంటీనా పౌరస్మృతి రాశాడు. 1871 నుంచి అది అమల్లోకి వచ్చింది. సార్స్‌ఫీల్డ్ ఆయన తల్లి వైపు పేరు, ఐరిష్‌దే. ఆయన పేరు ఒక రైల్వేస్టేషనుకు పెట్టారు, స్టేషను పేరు 1910లో జట్టుకు పెట్టుకున్నారు.

రెండో గుమ్మం బ్రౌన్ లాంటివాళ్లది. సైనికులు, నావికులు, సాహసికులు, వ్యాపారులు. ఒంటరిగా వచ్చినవాళ్లు. స్వాతంత్ర్య పోరాట సేనాని సాన్ మార్టిన్‌కు సహాయక అధికారిగా ఆండీస్ దాటిన జాన్ థామండ్ ఓబ్రియెన్ ఈ రకమే. అన్నట్టు బ్రౌన్ పేరుతో ఎన్ని క్లబ్బులున్నాయో నువ్వే లెక్కపెట్టు: ఆల్మిరాంతె బ్రౌన్ ఒకటి, ప్వెర్తో మాద్రిన్‌లో గిజెర్మో బ్రౌన్ ఒకటి, అద్రోగె ఊరి బ్రౌన్ ఇంకొకటి.

మూడోది అసలు గుమ్మం. నీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. గొర్రెలు.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో యూరప్ మిల్లులకు ఉన్ని ఎంతైనా చాలడం లేదు. పంపా మైదానంలో గడ్డికి అంతులేదు, కాపలాకు మనుషులు లేరు. వెస్ట్‌మీత్, లాంగ్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్ కౌంటీల నుంచి కౌలు రైతుల కొడుకులు, ముఖ్యంగా ఇంటి భూమి మీద ఆశ లేని చిన్నకొడుకులు, లివర్‌పూల్‌లో నౌక ఎక్కారు. అందరూ కరువు తరిమితే వచ్చినవాళ్లు కారు. టికెట్టుకు డబ్బు పుట్టించుకోగలిగినవాళ్లు. దొర మందను పాలికి తీసుకునేవారు. ఉన్నిలో, పుట్టిన పిల్లల్లో మూడో వంతో సగమో కాపరిది. నాలుగైదేళ్లు గడ్డి గుడిసెలో ఒంటరిగా నెట్టుకొస్తే సొంత మంద, ఇంకొన్నేళ్లకు సొంత నేల. న్యూయార్క్ వెళ్లిన అన్న రేవులో మూటలు మోస్తుంటే, ఇక్కడి తమ్ముడికి ఎకరాలున్నాయి. ఒకడి ఉత్తరం చూసి పక్కింటివాడు బయలుదేరేవాడు. అందుకే ఒకే రెండు మూడు కౌంటీల ఇంటిపేర్లు పంపా అంతటా కనిపిస్తాయి.

వాళ్లందరికీ పెద్దదిక్కు ఫాదర్ ఆంథొనీ ఫాహీ అనే మతగురువు, కాథలిక్కుల్లో డొమినికన్ సంఘంవాడు. గాల్వే వైపువాడు, 1844లో వచ్చాడు. గుర్రమెక్కి మందల వెంట తిరిగేవాడు. పూజలు చేయించడం ఒక్కటే కాదు. వాళ్ల డబ్బు దాచిపెట్టడం, ఉత్తరాలు అందించడం, భూమి కొనిపెట్టడం, చివరికి ఐర్లండ్ నుంచి వచ్చిన ఆడపిల్లలకు సంబంధాలు కుదర్చడం కూడా ఆయనే. బ్యాంకు, తపాలా, పెళ్లిళ్ల పేరయ్య, అన్నీ ఒక్క అంగీలో. 1871 ఎల్లో ఫీవర్ ఏడాదే పోయాడు. ఆయన కూడా రికొలెటాలోనే ఉన్నాడు.

తమాషా ఏమిటంటే, వీళ్లను స్థానికులు పిలిచింది ‘ఇంగ్లీషువాళ్లు’ అని. ఎవరిని తప్పించుకుని ఇంత దూరం వచ్చారో వాళ్ల పేరే వీళ్లకు అంటుకుంది. పంపాలో పుట్టి, ఐర్లండ్ మొహం చూడనివాళ్లు కూడా తాతల వెస్ట్‌మీత్ యాసలోనే ఇంగ్లీషు మాట్లాడేవారట.

కాబట్టి నా కొలత ఇది: గొర్రెల కాపరుల సమాజం పెంచిన మనిషైతే ఐరిష్ అర్జెంటీనియన్. లేకపోతే ఐరిష్ పేరున్న అర్జెంటీనియన్, అంతే. లోబోస్‌లో పుట్టిన ఎద్వార్దో కేసీ ఈ కొలతకు సరిగ్గా సరిపోతాడు. కాపరుల కొడుకుల తరం. బ్రహ్మాండంగా భూములు కొని, 1880లలో వెనాదో త్వెర్తో పట్టణాన్ని స్థాపించి, 1890 ఆర్థిక సంక్షోభంలో నిండా మునిగాడు. వెనాదో త్వెర్తో అంటే ఒంటికన్ను జింక. ఊరికి అంతకన్నా మంచి పేరు నేనెక్కడా వినలేదు.

అందరూ బాగుపడ్డారని కూడా అనుకోవద్దు. 1889లో ‘సిటీ ఆఫ్ డ్రెస్డెన్’ అనే నౌక 1,700 మందికి పైగా ఐరిష్ వలసదారులతో బ్యూనస్ ఎయిర్స్‌లో లంగరు వేసింది. కమీషను ఏజెంట్లు అరచేతిలో వైకుంఠం చూపించి ఎక్కించారు. దిగాక ఉండడానికి చోటు లేదు. కొన్ని వందల మందిని బాయియా బ్లాంకా దగ్గరి నపోస్తాకు తోలారు. అక్కడ ఇళ్లు లేవు. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలే ఎక్కువ. ఐర్లండ్‌లో బిషప్పులు అర్జెంటీనా పేరెత్తవద్దన్నారు. పెద్ద వలస అక్కడితో తగ్గిపోయింది. ఈ నౌక పేరు ఏ ప్రముఖుల జాబితాలోనూ ఉండదు.

పదో_నంబరు:

ఇంజనీరు గారూ, మీ విడిభాగం ఆలస్యంగా రావడం మా అదృష్టం. వేలెస్ జట్టు పేరులో రెండో ముక్క ఐరిష్ అని కలలో కూడా అనుకోలేదు. మరి మాక్ అలిస్టర్ ఏ గుమ్మం?

పాత_ఇంజన్_రూమ్:

ఆ పేరు వింటే స్కాట్లండ్ వైపు గాలి కూడా తగులుతుంది బాబూ. కుటుంబమేమో డబ్లిన్ దగ్గరి డొనబేట్‌ను తమ మూలంగా చెబుతుంది. కుర్రవాడు పుట్టింది లా పాంపా రాష్ట్రంలోని సాంతా రోసాలో. తండ్రి కార్లోస్ బోకా జూనియర్స్‌కు ఆడాడు. ఎర్రజుట్టు వల్ల ఆయనను ‘కొలొరాదో’ అని పిలిచేవారు. బోకా క్లబ్బు పెట్టిన కుర్రాళ్లకు బడిలో ఆట నేర్పిన పాడీ మెకార్తీ కూడా టిపరేరీ కౌంటీ మనిషేలే.

స్పానిష్_పంతులమ్మ:

ఇంజనీరు గారి మూడు గుమ్మాలూ బాగున్నాయి. కానీ ఒక మనిషి దగ్గర ఆ లెక్క తప్పుతుంది, చెప్పకుండా ఉండలేను. కమీలా ఓ'గోర్మన్.

మీ లెక్క ప్రకారం ఆమెది మొదటి గుమ్మం. పాతకాలపు వలసరాజ్యపు కుటుంబం, అంటే పేరుకు మాత్రమే ఐరిష్. జరిగింది చూడండి. ఆమె లాదిస్లావ్ గుతియేరెస్ అనే యువ కాథలిక్ మతగురువును ప్రేమించింది. 1847 డిసెంబరులో ఇద్దరూ ఇల్లు వదిలి వెళ్లిపోయారు. వేరే పేర్లతో కొరియెంతెస్ రాష్ట్రంలోని గోయా ఊరు చేరి, అక్కడ చిన్న బడి పెట్టుకున్నారు. పిల్లలకు అక్షరాలు నేర్పుకుంటూ బతుకుతున్నారు. వాళ్లను గుర్తుపట్టి అధికారులకు చెప్పినవాడు మైకేల్ గానన్ అనే ఐరిష్ మతగురువు. ఆమె తండ్రి అప్పటికే నియంత రోసాస్‌కు ఫిర్యాదు ఉత్తరం రాసి ఉన్నాడు. 1848 ఆగస్టు 18న సాంతోస్ లుగారెస్‌లో ఇద్దరినీ కాల్చి చంపారు. అప్పుడామె నిండు గర్భిణి. రక్తం పాతబడితే ఐరిష్‌తనం పోతుందని మీరన్నారు; ఆమె విషయంలో పరువు లెక్కలు వేసినవాళ్లకు మాత్రం అది పాతబడలేదు. ప్రముఖులు అనే మాట ఆమె పక్కన పెట్టాలంటే నాకు చెయ్యి రాదు. పాపం, పేరు కోసం ఆమె చేసిందేమీ లేదు.

మీ కొలతకు అందరికన్నా బాగా సరిపోయేవాడిని మీరే వదిలేశారు. రొడోల్ఫో వాల్ష్. 1927లో రియో నెగ్రోలో పుట్టాడు. 1930లలో ఇల్లు చితికిపోతే, పేద ఐరిష్ పిల్లల కోసం నడిపే ఆవాస పాఠశాలలకు పంపారు. వాటిలో రెండోదాని పేరు ఫాహీ సంస్థ. మీ గొర్రెల గురువు పేరే. అక్కడి చలి, ఆకలి, పిల్లల కొట్లాటలు తర్వాత ఆయన కథల్లోకి వచ్చాయి. నేను పాఠం చెప్పేటప్పుడు వాటిని చదివిస్తే తరగతి నిశ్శబ్దమైపోతుంది.

ఆయన చదరంగం పిచ్చివాడు. 1956 చివర్లో లా ప్లాటా పట్టణంలో చదరంగం ఆడే కాఫీ హోటల్లో కూర్చుని ఉండగా ఎవరో వచ్చి, కాల్చి చంపినవాళ్లలో ఒకడు బతికే ఉన్నాడని చెప్పారు. ఆ జూన్‌లో సైనిక ప్రభుత్వం ఒక చెత్తకుప్ప దగ్గర రహస్యంగా కొందరిని కాల్పించింది. వాల్ష్ ఆ బతికినవాణ్ణి వెతికి పట్టుకున్నాడు, తర్వాత మిగిలినవాళ్లనూ. 1957లో వచ్చిన ‘ఒపెరాసియోన్ మసాక్రె’ ఆ పరిశోధనే. తర్వాత క్యూబాలో వార్తాసంస్థలో ఉండగా టెలిప్రింటరులో పడిన రహస్య లిపి సందేశాన్ని కూర్చుని విప్పాడు. ఆ దేశం మీద జరగబోయే దాడి ఏర్పాట్లు అందులో ఉన్నాయి.

1976లో మళ్లీ సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ సెప్టెంబరులో ఆయన కూతురు విక్కీ సైనికుల ముట్టడిలో చనిపోయింది. 1977 మార్చి 24న, సైనిక పాలనకు ఏడాది నిండిన రోజు తేదీతో, పాలకులకు బహిరంగ లేఖ రాశాడు. మాయమైనవాళ్ల సంఖ్యలు, చంపిన తీరు, జీతాలు ఎంత పడిపోయాయో కూడా అందులో ఉంది. మర్నాడు ప్రతులను పోస్టు డబ్బాల్లో వేసి వెళుతుండగా సాన్ హువాన్, ఎంత్రె రియోస్ వీధులు కలిసే చోటికి దగ్గర్లో నౌకాదళ మెకానిక్ స్కూలు (అప్పట్లో సైన్యం రహస్య చెరసాల) ముఠా చుట్టుముట్టింది. శవం ఈనాటికీ దొరకలేదు. 2011లో కోర్టు ఆ ముఠాకు శిక్ష వేసిన కేసుల్లో ఆయనదీ ఉంది. ఇప్పుడు అక్కడి మెట్రో స్టేషను పేరు ‘ఎంత్రె రియోస్ – రొడోల్ఫో వాల్ష్’. ఒక్కటి గమనించండి: ఆ నౌకాదళానికి తండ్రి అని పేరు పొందినవాడు మీ ఆకుపచ్చ స్తంభం బ్రౌన్.

జాబితాల_రాజు:

చే బొమ్మ స్టాంపు పెట్టి నేనేదో గెలిచాననుకున్నాను. సరే, వెనక్కి తీసుకుంటున్నాను. మరి ఆడవాళ్లలో కమీలా తప్ప ఇంకెవరూ లేరా?

స్పానిష్_పంతులమ్మ:

ఎందుకు లేరు? ‘మనువెలీతా’ అనే తాబేలు పాట రాసిన మరియా ఎలేనా వాల్ష్ లేని బాల్యం ఆ దేశంలో లేదు. ఆ తాబేలు పెవాహో ఊరి నుంచి పారిస్‌కు అందంగా తయారవడానికి పోతుంది. పెవాహోలో దానికి విగ్రహం కూడా ఉంది. రొడోల్ఫోతో ఇంటిపేరు ఒకటే గానీ రాజకీయం వేరు, గొంతు వేరు. ఇంకొకరు సెసీలియా గ్రియర్సన్. తండ్రి వైపు స్కాట్లండ్, తల్లి జేన్ డఫీ వైపు ఐర్లండ్. 1889లో వైద్య పట్టా పుచ్చుకున్న తొలి అర్జెంటీనా మహిళ. శస్త్రచికిత్సకు అర్హత ఉన్నా, ఆడది కనుక ఆ ఉద్యోగం ఇవ్వలేదు. 2023లో వచ్చిన 2000 పెసోల నోటు మీద ఆమె బొమ్మ వేశారు.

పాత_ఇంజన్_రూమ్:

పంతులమ్మ గారూ, బ్రౌన్ గురించి చివర్లో మీరన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. కమీలా దగ్గర కూడా నా లెక్క తప్పిందని ఒప్పుకుంటున్నాను. ఆమె పేరు చదవగానే గుర్తొచ్చింది. మా నౌక ఆగిన రేవుకు దగ్గర్లోనే ప్వెర్తో మదేరో ఉంది. పాత గిడ్డంగులను బాగుచేసి కట్టిన కొత్త పేట. అక్కడి వీధులన్నిటికీ ఆడవాళ్ల పేర్లే పెట్టారు. సెసీలియా గ్రియర్సన్ వీధి ఉంది, కమీలా ఓ'గోర్మన్ వీధి ఉంది. రోజూ ఆ పలకల కింద నుంచే నడిచి వెళ్లి ఎవరో మంత్రుల భార్యలు కాబోలు అనుకున్నాను. సిగ్గుగా ఉంది.

పదో_నంబరు:

చివరిగా ఒకటి. ఇటు వచ్చినవాళ్ల కథలే విన్నాం. అర్జెంటీనాలో పుట్టి ఐర్లండ్‌కు వెళ్లి పేరు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాత_ఇంజన్_రూమ్:

ఉన్నాడు, నాకు ఇష్టమైనవాడు కూడా. ఎమన్ బల్ఫిన్. తండ్రి విలియం బల్ఫిన్ పంపాలో పశువుల పనిచేసి, తర్వాత బ్యూనస్ ఎయిర్స్‌లో ‘సదరన్ క్రాస్’ అనే ఐరిష్ పత్రికకు సంపాదకుడయ్యాడు. ఐరిష్‌వాళ్ల కర్రబంతి ఆట హర్లింగ్‌ను అక్కడ నాటినవాడు ఆయనే. (ఆ ఆటకు 1922లో క్లబ్బు కూడా పెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో ఐర్లండ్ నుంచి కర్రలు రాకపోవడంతో హాకీ, రగ్బీలోకి దిగారు. క్లబ్బు పేరు మాత్రం ఇప్పటికీ హర్లింగే.)

ఎమన్ బ్యూనస్ ఎయిర్స్‌లో పుట్టి, చదువుకు ఐర్లండ్ వెళ్లాడు. 1916లో ఈస్టర్ తిరుగుబాటు నాడు డబ్లిన్ జనరల్ పోస్టాఫీసు కప్పెక్కి, ఒక మూల ఆకుపచ్చ జెండా ఎగరేశాడు. బ్రిటిష్‌వాళ్లు పట్టుకుని వేల్స్‌లోని ఫ్రాంగోక్ శిబిరంలో పెట్టారు. తర్వాత, వీడు అర్జెంటీనావాడు కదా అని ఓడెక్కించి పంపేశారు. ఇక్కడ దిగాడో లేదో, సైనికసేవ చేయకుండా ఎగ్గొట్టావని అర్జెంటీనా ప్రభుత్వం జైల్లో వేసింది. ఒక దేశం పరాయివాడివని తోలేస్తే, ఇంకో దేశం మావాడివేనని లోపల వేసింది.

ఆ జెండా ఇప్పుడు డబ్లిన్ జాతీయ మ్యూజియంలో ఉంది. ఆకుపచ్చ గుడ్డ మీద ‘ఐరిష్ రిపబ్లిక్’ అని బంగారు, తెలుపు రంగుల అక్షరాలు. మా నౌక డబ్లిన్‌కు ఎప్పుడూ వెళ్లలేదు. ఆ ఊళ్లో ఉంటున్నవారు ఎవరైనా ఇది చదివితే ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అక్షరాలు కనబడేలా, కాస్త దగ్గర నుంచి.